మా వాకిట బండి ఖాళీ చేసిన డ్రైవరు గారికి

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం నాడు, మన గృహోపకరణాల సంస్థ గోదాములో సరుకు ఎత్తి దించే పనిలో ఒక బక్కపలుచని యువకుడు చేరాడు. ఆ యువకుడే, మూడు దశాబ్దాలకు పైబడిన నిర్విరామ సేవానంతరం, చిన్నా పెద్దా అందరి గౌరవాభిమానాలకూ పాత్రులై, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన సీనియర్ డెలివరీ డ్రైవరు గారు. చేరిన రోజున ఆయన్ని ఎగాదిగా చూసిన అప్పటి గోదాము అధికారి, “ఈ అబ్బాయి బీరువాను మోస్తాడా, బీరువాయే ఈ అబ్బాయిని మోస్తుందా?” అన్నారట. తరువాతి కాలంలో ఆ అధికారి గారు ఇల్లు మారినప్పుడు సామానంతటినీ కొత్త ఇంటికి చేర్చింది మన డ్రైవరు గారే. ఒక్క గాజు గ్లాసుకైనా బీట పడలేదని ఆ ఇంటి ఇల్లాలు ఇప్పటికీ చెబుతుంటారు.

వారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యాన్ని అభినందన సంచిక సంఘం నాకు అప్పగించింది. ఏ బండి ఏ వీధికి పోవాలో, ఏ సరుకు ఏ ఇంటికి చేరాలో చెప్పే కుర్చీ నాది. ఆ కుర్చీలో కూర్చున్నందుకు డ్రైవర్లందరూ రోజూ నా మీద విసుక్కుంటారు. నేనూ వారి బాకీ ఏ రోజుకారోజు తీర్చేస్తుంటాను. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఏనాడూ పాలుపంచుకోని ఏకైక వ్యక్తి మన డ్రైవరు గారు. ఒక పుటకు మించి రాయవద్దని సంఘం ఆదేశించింది. నా నోటి సంగతి తెలిసిన సంఘం కనుక, ఆ ఆదేశం నెరవేరుతుందని ఆశ పెట్టుకుని ఉండదని నా నమ్మకం.

మొదటి నాలుగేళ్ళూ వారు లోడింగు పనిలోనే ఉన్నారు. కాస్త తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి బండి ముందు సీటులో కూర్చునేవారని, డ్రైవరు చేతిని, కాలిని కన్నార్పకుండా చూసేవారని, ఎందుకని అడిగితే “ఏం లేదన్నా, గాలికి కూర్చున్నా” అనేవారని ఆనాటి పెద్దలు చెబుతారు. అలా గాలికి కూర్చున్న మనిషే 1995లో లైసెన్సు సంపాదించి, సంస్థ బండ్లన్నిటిలోకీ వయసులో పెద్దదైన వ్యానుకు డ్రైవరయ్యారు. రెండో గేరు పడాలంటే బతిమాలుకోవలసిన బండి అది. ఎవరు నడిపినా మొరాయించే ఆ బండి వారి చేతిలో బుద్ధిగా నడిచింది. 2002లో వారికి కొత్త వ్యాను, 2011లో సీనియర్ డ్రైవరుగా పదోన్నతి లభించాయి. పదోన్నతి వచ్చిన రోజున సన్మానం చేద్దామని మేమంతా గోదాములో గుమిగూడి ఉంటే, వారు ముందుగా రెండు ఫ్రిజ్‌లు ఇళ్ళకు చేర్చి వచ్చి, ఆ తరువాతే దండకు మెడ వంచారు.

మన వృత్తిలో సరుకు గుమ్మం దాటితే పని పూర్తయినట్లే. సంతకం పెట్టించుకోవడం, నమస్కారం చెప్పడం, బండి తీయడం. వారి పద్ధతి అది కాదు. వస్తువు ఏ గోడకు ఆనాలో ఆ గోడకు ఆనే వరకూ, ఆనిన తరువాత ఇంటివారు రెండడుగులు వెనక్కి వేసి చూసి తృప్తిగా తల ఊపే వరకూ వారు అక్కడి నుంచి కదలరు. దించే ముందు “ఎక్కడ పెట్టమంటారు?” అంటారు. దించాక “ఇంకాస్త జరుపుదామా?” అంటారు. భర్త ఒక గోడ చూపించి, భార్య ఎదుటి గోడ చూపించి, అత్తగారు అసలు ఈ గదిలోనే వద్దన్నా, ముగ్గురి మాటా మన్నించి మూడు చోట్లా పెట్టి చూపిస్తారు. అందువల్లనే గోదాములో వారికి ‘జరుపుదాం గారు’ అన్న పేరు స్థిరపడింది. వారితో వెళ్ళే లోడరు, చూడ్డానికి చీపురుపుల్లలా ఉన్నా మేమంతా ‘వస్తాదు’ అని పిలుచుకునే మన సహోద్యోగి, “ఈయనతో డ్యూటీ అంటే బీరువాను ఊరేగించడమేనండీ” అని నా బల్ల దగ్గర మొరపెట్టుకునేవాడు. అయితే వేరే బండికి మారుస్తానులే అంటే మాత్రం, “అబ్బే, నేనలా అన్నానా?” అని జారుకునేవాడు.

ఈ పద్ధతి వల్ల ఎందరు మేలు పొందారో చెప్పాలంటే సంచిక చాలదు. చూపు లేని ఒక సంగీతం టీచరు గారికి కొత్త బల్ల చేర్చినప్పుడు, వారు ఆమె చేతిని పట్టుకుని బల్ల అంచుల వెంట మెల్లగా నడిపించి, “ఇదిగోనమ్మా, ఈ మూల కాస్త పదునుగా ఉంది” అని తడిమించి చూపారు. మర్నాడు తమ సొంత పని మీద వచ్చినట్లు వచ్చి, ఆ నాలుగు మూలలకూ రబ్బరు తొడుగులు వేసి వెళ్ళారు. ఒక చిన్న గదిలో బతుకు మొదలుపెడుతున్న ఒకామెకు కుట్టుమిషను చేర్చినప్పుడు, ఆమె దారం ఎక్కించలేక కంగారు పడుతుంటే, “ముందు నా జేబు కుట్టి పెట్టమ్మా, చిరిగి నెల్లాళ్ళయింది” అని యూనిఫాం చొక్కా విప్పి ఇచ్చి, లోపలి బనీనుతో మెట్ల మీద కూర్చున్నారట. జేబు వంకరగానే కుదిరింది. ఆ వంకర జేబును వారు చొక్కా చిరిగే దాకా గర్వంగా చూపించుకు తిరిగారు. ఈ రోజు మన లోడర్లందరి యూనిఫాంలూ కుట్టేది ఆమే. ఇప్పుడు జేబులు చక్కగా కుదురుతున్నాయని మనవి చేస్తున్నాను.

పొరపాట్లు చేయని మనిషి అని రాస్తే వారే ఒప్పుకోరు కనుక ఒకటి చెబుతాను. ఒకసారి ఒక సోఫాను పొరపాటున పక్క భవనంలోని ఇంటికి చేర్చారు. ఆ ఇంటి ఇల్లాలు, భర్త తనకు చెప్పకుండా ముచ్చటపడి కొన్నాడనుకుని సంతోషించింది. సాయంత్రం వచ్చిన భర్త, భార్య తనకు చెప్పకుండా కొన్నదనుకుని, గొడవ ఎందుకని నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఆ సోఫా మీద రెండు రోజులు ఎంతో అన్యోన్యంగా కాలక్షేపం చేశాక మన డ్రైవరు గారు తలవంచుకుని వెళ్ళి తలుపు తట్టారు. సోఫాను వెనక్కి తెచ్చేటప్పుడు తమకు కన్నీళ్ళు వచ్చినంత పనైందని వారు నాతో అన్నారు. ఆ దంపతులు తరువాత అటువంటి సోఫానే కొనుక్కున్నారు, ఈసారి ఇద్దరూ కలిసి వచ్చి.

ఇవన్నీ నలుగురికీ తెలిసిన విషయాలు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మా ఇంటి విషయం.

పదకొండేళ్ళ కిందట, ఎలక్ట్రీషియనైన మావారు ఒక కొత్త భవనంలో పనిచేస్తూ నిచ్చెన మీద నుంచి పడిపోయారు. తుంటికీ నడుముకూ పెద్ద దెబ్బలు తగిలాయి. ఆపరేషను చేశాక, చాలా నెలలు కదలకుండా ఉండాలని, తలవైపు పైకి లేపగలిగే ఆసుపత్రి మంచం మీదే ఉంచాలని, నేల మీద గానీ మామూలు మంచం మీద గానీ పడుకోబెట్టవద్దని డాక్టరు గారు కచ్చితంగా చెప్పారు. మాది లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తు. మావారి అన్నగారు, అంటే మా బావగారు, దూరాన మరో ఊళ్ళో ఉంటారు. వారిది కింది వాటా, ఇంటినిండా మనుషులు. “వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్తానమ్మా. పూర్తిగా బాగయ్యాక పంపిస్తా” అన్నారు. ఆ మాటలో ప్రేమ తప్ప మరొకటి లేదు. కానీ నా ఉద్యోగం ఇక్కడ, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి ఇక్కడ. మావారు అక్కడ, మేమిక్కడ ఎన్నాళ్ళు ఉండాలో చెప్పగలిగేవారు ఎవరూ లేరు.

నన్ను అంతకన్నా భయపెట్టిన విషయం మరొకటుంది. దెబ్బ తగిలింది మొదలు మావారు ఏమడిగినా “మీ ఇష్టం” అనడం మొదలుపెట్టారు. ఏం తింటారంటే మీ ఇష్టం, దిండు మార్చమంటారా అంటే మీ ఇష్టం, అన్నయ్యగారింటికి వెళ్తారా అంటే మీ ఇష్టం. ఇంట్లో ఒక్క స్విచ్చి ఎత్తు తక్కువైనా ఊరుకోని మనిషి ఆయన. ఎదురుగా ఉన్న మనిషి నా చేతికి అందకుండా పోతున్నట్లుండేది. మా ఇంటికి గనక రాకపోతే ఆయన మళ్ళీ మా మనిషి కాలేరేమోనని లోలోపల కుమిలిపోయాను. మంచం మా ఇంటికి చేరితే చాలు, తక్కినది నేను చూసుకుంటానని బావగారితో గట్టిగా అన్నాను. వారు అయిష్టంగానే, “సరే, మంచం పైకి ఎక్కితే అలాగే కానీ” అన్నారు.

మంచం మన సంస్థలోనే తీసుకున్నాను. చేర్చే పని డ్రైవరు గారు అడిగి మరీ పుచ్చుకున్నారు. ముందురోజే వచ్చి మెట్లు, మలుపులు, గుమ్మాలు టేపుతో కొలుచుకున్నారు. “మీ ఇల్లు ఆఖర్న పెట్టుకుంటానమ్మా. మన తరువాత ఇంకెవరూ ఎదురుచూడరు కదా, తీరిగ్గా బిగించుకోవచ్చు” అన్నారు. ఆసుపత్రి వారు సాయంత్రం పంపిస్తామన్నారు కనుక నాకూ అది బాగానే తోచింది. ఆఖర్న దించవలసిన సరుకును బండిలో అన్నిటికన్నా ముందుగా, లోపలి గోడకు ఆనించి ఎక్కించడం మన పనిలో రివాజు. ఆ ప్రకారమే మర్నాడు ఉదయం మా మంచం బండిలో అన్నిటికన్నా లోపలికి వెళ్ళింది. దాని ముందు ఆ రోజు పంచవలసిన ఫ్రిజ్‌లు, సోఫాలు, బీరువాలు కిక్కిరిసి నిలబడ్డాయి.

బండి గోదాము దాటిందో లేదో ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. పడకలు చాలడం లేదని, పేషెంటును ఇప్పుడే పంపించేస్తున్నామని. నేను ఇంటికి పరుగెత్తేసరికి అంబులెన్సు మా భవనం ముందు ఆగి ఉంది. లోపల స్ట్రెచరు మీద మావారు, పక్కన మా బావగారు. పైన మంచం లేదు. అంబులెన్సు డ్రైవరు, “ఎటు పోవాలో తొందరగా చెప్పండమ్మా, నాకింకో పేషెంటున్నాడు” అన్నాడు. బావగారు కిందికి దిగారు.

“చూశావా అమ్మా, మొదటి రోజే ఇలా అయింది. మంచం సాయంత్రానికి గానీ రాదంటున్నావు. అందాకా వీణ్ణి ఎక్కడ పెడతావు? ఇదే బండిలో మా ఊరు తీసుకెళ్ళిపోతాను. పిల్లను బడికి పంపించుకుంటూ నువ్వు నిదానంగా రా.”

మావారి వైపు చూస్తే ఆయన అంబులెన్సు కప్పు వైపు చూస్తున్నారు. నేను డ్రైవరు గారికి ఫోను చేశాను. రమ్మని చెప్పడానికి కాదు. నిండు బండిలో అడుగున ఉన్న మంచాన్ని ఎవరు మాత్రం తీయగలరు?

“అన్నయ్యా, మంచం వెనక్కి తీసుకెళ్ళిపొండి. వీళ్ళు ఈయన్ని ఊరు తీసుకెళ్ళిపోతున్నారు” అన్నాను.

అటు నుంచి వారు, “ఎక్కడికమ్మా తీసుకెళ్ళేది? అంబులెన్సును కదలనివ్వకు. ఆ డ్రైవరుకు ఫోనివ్వు” అన్నారు. ఇద్దరు డ్రైవర్లూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అంబులెన్సు డ్రైవరు ఫోను నా చేతికిచ్చి, ఇంజను ఆపేశాడు.

కాసేపటికి మన వ్యాను మా వీధి మలుపు తిరిగింది. డ్రైవరు గారు దిగి, బండి వెనక తలుపులు తెరిచి, ముందుగా చేసిన పని సరుకు దించడం కాదు. ఆ రోజు సరుకు అందుకోవలసిన ఒక్కొక్కరికీ ఫోను చేశారు. “అయ్యా, మీ ఫ్రిజ్‌ను కాసేపు వీధిలో దించుకుంటాను. అడుగున ఒక పేషెంటు మంచం ఉండిపోయింది. గీత పడితే పూచీ నాది. మీరు వద్దంటే దించను.” కొనుగోలుదారుల అనుమతి లేకుండా సరుకు మధ్యదారిలో దించకూడదన్నది సంస్థ నియమం; అనుమతి ఉన్నా దించకూడదన్నది కూడా సంస్థ నియమమేనని ఆ సమయంలో వారికీ తెలుసు, నాకూ తెలుసు. ఒకావిడ “ఎండ తగలనివ్వకండి” అంది. ఒక పెద్దాయన, “దించుకో నాయనా, కానీ నా సోఫా మీద ఎవర్నీ కూర్చోనివ్వకు” అన్నారు. అద్దాల బీరువా కొన్నాయన మాత్రం ససేమిరా కుదరదన్నారు. డ్రైవరు గారు ఆయనకూ అదే గొంతుతో “మంచిదండీ” అన్నారు.

ఇక మొదలైంది. డ్రైవరు గారూ, వస్తాదూ కలిసి బండి ఖాళీ చేయడం మొదలుపెట్టారు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, బల్లలు మా వీధి పొడవునా బారులు తీరాయి. కింది వాటా దర్జీ గారు తన దుకాణంలోని తానులు తెచ్చి ఫ్రిజ్‌ల మీద ఎండ పడకుండా కప్పారు. మొదటి అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ గారు పెద్దాయన సోఫాకు కాపలా కాస్తానని గొడుగుతో దిగి వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక, సోఫా మీద కూర్చోకూడదన్న మాట తప్పలేక, ఇంట్లోంచి సొంత కుర్చీ తెప్పించుకుని ఆ ఖాళీ సోఫా పక్కనే వేసుకుని కూర్చున్నారు. ఆ గాభరాలోనూ నాకు నవ్వొచ్చింది.

బండిలో చివరికి రెండే మిగిలాయి: అద్దాల బీరువా, దాని వెనక మా మంచం. బీరువాను దించకూడదు, ముందుకు జరిపినా దాని పక్క నుంచి మంచం పట్టేంత సందు లేదు. డ్రైవరు గారు తమ యూనిఫాం కోటు విప్పి బీరువా నెత్తిన మడతలు పెట్టి పరిచారు. బీరువా పక్కగా ఒత్తిగిలి అవతలికి దూరి, మంచాన్ని అక్కడే విప్పి, ముక్కముక్కనూ బీరువా మీదుగా అవతలి నుంచి ఇవతలికి అందించారు. వస్తాదు బయట నిలబడి అందుకున్నాడు. బీరువా అద్దంలో నా ముఖం కనిపించింది. చూసుకునే స్థితిలో లేను.

తల భాగపు చట్రం మొత్తం ఒకే ఇనుప చట్రం. అది విడదు. దాన్ని ఇద్దరూ భుజాన వేసుకుని మెట్లెక్కారు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో కమ్మీకి తగులుకుని ఆగిపోయింది. ఇద్దరి చేతులూ నిండుగా ఉన్నాయి, మూడో చెయ్యి లేదు. నేను పట్టుకోబోతే వారు వద్దన్నారు. మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడిన మా బావగారిని వారు అప్పుడు చూశారు.

“పెద్దాయనా, ఒక్క చెయ్యి కావాలి. తమ్ముడి మంచం కదా.”

బావగారు కదలలేదు. తరువాత చెప్పులు విడిచి, మెట్లెక్కి, చట్రం కింది కోడు పట్టుకున్నారు. “పైకా, పక్కకా?” అన్నారు. “కాస్త మీ వైపు వంచండి” అన్నారు డ్రైవరు గారు. చట్రం కమ్మీని వదిలింది. అక్కడి నుంచి మూడో అంతస్తు దాకా మా బావగారు ఆ కోడును విడిచిపెట్టలేదు. మంచం బిగించేటప్పుడు నేల మీద కూర్చుని, “ఆ పానా ఇటివ్వు, ఇది వదులుగా ఉంది” అని వస్తాదును గదమాయించింది కూడా వారే.

ఆ తరువాత మావారిని పైకి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పని అయిపోయింది. వీధి నిండా సామాను, ఆ సామాను కోసం ఊరంతా మనుషులు ఎదురుచూస్తున్నారు. అయినా డ్రైవరు గారు కదలలేదు. మావారి తల దగ్గరకు వెళ్ళి, మా బావగారిని కాదు, నన్ను కాదు, మావారినే అడిగారు.

“ఎక్కడ పెట్టమంటారు బాబూ?”

“మీ ఇష్టం” అన్నారు మావారు.

“మా ఇష్టమైతే గుమ్మంలో పెట్టేసి పోతామండీ, మాకు దగ్గర. పడుకునేది మీరు.”

మావారు మొదటిసారి తల తిప్పి ఆయన్ని చూశారు. “కిటికీ వైపు” అన్నారు. మంచానికి చక్రాలున్నాయి. నెమ్మదిగా కిటికీ వైపు తీసుకెళ్ళారు. “ఇంకాస్త జరుపుదామా?” “తల అటు కాదు, ఇటు ఉండాలి” అన్నారు మావారు. తిప్పారు. “మరీ గోడకు ఆనింది.” వెనక్కి లాగారు. “ఆ ప్లగ్గు నాకు చేతికందాలి. ఇంకొంచెం.” జరిపారు. వస్తాదు నా వైపు చూసి కళ్ళెగరేశాడు. నేను వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను. ఎన్ని వారాల తరువాతో మా ఇంట్లో మావారు ఒకటి బాగాలేదని, మరొకటి కావాలని అన్నారు. బయటికి వచ్చేసరికి బావగారు కండువాతో ముఖం తుడుచుకుంటూ, “వాడిక్కడే ఉంటాడులే అమ్మా. ఆదివారం ఆదివారం నేనే వస్తా” అన్నారు.

వీధిలో సామానంతా మళ్ళీ బండి ఎక్కింది. దేనికీ గీత పడలేదు. ఆ రోజు ఏ ఇంటికి వెళ్ళినా ముందుగా పేషెంటు ఎలా ఉన్నారని అడిగిన తరువాతే తలుపు బార్లా తెరిచారని వస్తాదు చెప్పాడు. అద్దాల బీరువా ఆయన మాత్రం ఆలస్యమైందని, పైగా బీరువా మీద ఎవరిదో కోటు పరిచి ఉందని ఫిర్యాదు చేశారు. మర్నాడు మేనేజరు గారు డ్రైవరు గారిని పిలిచి సంజాయిషీ అడిగారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను, తప్పంతా నా ఇంటిదని చెప్పాలని. నన్ను నోరెత్తనివ్వకుండా వారే అన్నారు:

“నియమం తప్పానండీ, ఒప్పుకుంటున్నా. కానీ అసలు పొరపాటు వీధిలో దించడం కాదు. మనవాళ్ళిల్లు కదా, తీరిగ్గా చేద్దామని అడుగున వేశాను చూడండి, అదీ పొరపాటు. పేషెంటున్న ఇంటికి తీరికేమిటి?”

మేనేజరు గారు సంజాయిషీని ఫైలులో ఉంచారు, డ్రైవరు గారిని బండి మీదే ఉంచారు. ఆ నెల నుంచి మన గోదాములో ఒక కొత్త అలవాటు మొదలైంది. ప్రతి బండిలోనూ తలుపు పక్కన ఒక వస్తువు పట్టే చోటు ఆఖరి వరకూ ఖాళీగా ఉంచుతారు. ఆసుపత్రి నుంచి వచ్చేవారు, పసిపిల్లలున్న ఇళ్ళు, ఇంట్లో ఏదైనా కష్టం జరిగినవారు, అటువంటి వారి సరుకుకు ఆ చోటు. కొత్తగా చేరినవారు కారణం తెలియకపోయినా దాన్ని ‘మంచం చోటు’ అనే పిలుస్తారు. ఆ తరువాతి ఏళ్ళలో వారి దగ్గర పని నేర్చుకున్న డ్రైవర్లు నేడు మన బండ్లలో సగానికి పైగా నడుపుతున్నారు. వాళ్ళందరూ ఇళ్ళలో అవసరానికి మించి సామాను జరుపుతున్నారని నా బల్ల దగ్గరికి వచ్చే ఆలస్యాలు చెబుతున్నాయి. నేను మునుపటిలా విసుక్కోవడం లేదు.

ఈ సందర్భంగా వారి శ్రీమతి గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. వేళకు ఇల్లు చేరని మనిషికి ఇన్నేళ్ళు వేడి అన్నం పెట్టడం సామాన్యమైన విషయం కాదు. మొన్న వారింటికి వెళ్ళినప్పుడు ఆవిడ, “ఊళ్ళో వాళ్ళ బీరువాలన్నీ జరిపారటగా! మా ఇంట్లో ఈ కుర్చీ కాస్త అటు జరపండి అంటే నడుం నొప్పంటారమ్మా” అన్నారు. డ్రైవరు గారు పేపరు చాటుకు వెళ్ళిపోయారు. నిజానికి అది నడుం కాదు, మోకాళ్ళు. లిఫ్టులు లేని భవనాల మెట్లన్నీ ఆ మోకాళ్ళలో ఉన్నాయి. వాటికి ఇకనైనా విశ్రాంతి ఇవ్వాలని, వారి కుమారుడూ కోడలూ కలిసి కోప్పడైనా ఇప్పించాలని మా అందరి విన్నపం.

మావారు ఏడాది తిరిగేసరికి లేచి నిలబడ్డారు. ఇప్పుడు చేతికర్ర సాయంతో మూడంతస్తులూ దిగి, సాయంత్రం వీధి చివరి దాకా నడిచి వస్తారు. కిటికీ పక్కనే కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తారు. మా అమ్మాయి ఎక్కాలు నేర్చుకున్నది, సైకిలు కొనమని మారాం చేసింది, పదో తరగతి పాసైన కబురు మొదట చెప్పింది, అంతా వాళ్ళ నాన్న పక్కన కూర్చునే. నాన్నను ఫోనులో చూసుకుంటూ పెరగవలసిన పిల్ల, నాన్నతో రోజూ పోట్లాడుతూ పెరిగింది. ఆ పోట్లాటలన్నీ మీ చలవే డ్రైవరు గారూ. ఈ మాట మీకు ఎదురుగా చెప్పబోతే మీరు ఎప్పుడూ బండికి టైమైందంటారు. ఇది అచ్చులో ఉంది కనుక తప్పించుకోలేరు.

ఈ వ్యాసాన్ని నిన్న ఇంట్లో చదివి వినిపించాను. ముగింపులో మీకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని పద్ధతిగా రాసుకున్నాను. మావారు అది కొట్టేయమన్నారు.

“నా ఆయుష్షు కూడా పోసుకుని బతకాలని రాయి.”

నాకు ఒళ్ళు మండింది. “ఎన్ని తిప్పలు పడి నిలబెట్టుకున్న ఆయుష్షు! ఇంట్లో వాళ్ళను ఒక్కమాట అడక్కుండా పంచిపెట్టేయడమేనా? అందులో నాకు పాలు లేదా?”

“అయితే నీది కూడా కలుపు” అన్నారు మావారు, తాపీగా.

మా అమ్మాయి తనదీ రాయమంది. పిల్లలు అటువంటి మాట అనకూడదని ఇద్దరం ఒక్కసారే కసిరాం. అందుచేత డ్రైవరు గారూ, మా ఇద్దరిదే రాస్తున్నాను. మీ మోకాళ్ళు నెమ్మదించి, కంటినిండా నిద్రపట్టి, మా దంపతుల ఆయుష్షు కూడా పోసుకుని, మీ శ్రీమతి గారితో, పిల్లలతో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండండి. మాకు మిగిలేది ఎంతైనా సరే, ఒకే ఇంట్లో గడుపుకుంటాం.